కొలిచినవాని ఋణము

వ్యాపారి ఇంట పుట్టిన పిల్లవానికి మొదట నేర్పు విద్య త్రాసు పట్టుట. నాకు త్రాసు చేతికిచ్చిన నాడు మా తండ్రిగారు ఒక మాట చెప్పిరి: "తూచినవాడే పూచీ. తూచి ఇచ్చి చేతులు దులుపుకొనరాదు." ఆ మాట సరుకునకే చెల్లునని చాలకాలము అనుకొంటిని. ఏబది యేండ్లు దాటిన తరువాత మనుష్యులను కొలుచు పనికి కూడ అది చెల్లునని తెలిసినది. ఆ తెలిసిన విధమును, దానినుండి పుట్టిన ఒక ప్రశ్నను ఈ సంచికలో మీ ముందుంచుచున్నాను. నేను పండితుడను కాను. వైద్యుడను అంతకంటె కాను. హైస్కూలు చదువుతో అంగడిలో కూర్చున్నవాడను. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

ప్రశ్న ఇది. ఏ బాధయు చెప్పని మనిషిని, ఏ పరీక్షయు కోరని మనిషిని, మనవాడే గదా యని పిలిచి కూర్చుండబెట్టి, వాని నెత్తురు తీసి, "నీలో ఒక జబ్బు మొలకెత్తుచున్నది" అని చెప్పుట ధర్మమా? మంచిపనియే గదా, దీనిలో అడుగవలసినదేమున్నదని మీరనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే అనుకొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట విరుదునగరులో మన వార్షిక సమావేశము జరిగినప్పుడు, దానితోపాటు మధుమేహ పరీక్షా శిబిరము కూడ పెట్టవలెనని పట్టుపట్టినవారిలో నేనొకడను. కోవిల్‌పట్టికిని విరుదునగరుకును ఏబది కిలోమీటర్ల దూరము, నడుమ సాత్తూరు. ఈ త్రోవ పొడుగునను పత్తి, మిరపకాయలు, నూనె, పప్పు, అగ్గిపెట్టెలు, ఏదో యొక సరుకు పట్టుకొని మన తెలుగు కుటుంబములు తరతరములుగా నిలిచియున్నవి. అంగడిలో తమిళము, వంటయింటిలో తెలుగు. సంవత్సరమున కొకమారు అందరము ఒక పంక్తిలో కూర్చుండి భోజనము చేయుదుము. ఆ దినమున ఒక పుణ్యకార్యము కూడ కలిసివచ్చునని మా సంతోషము.

ఉదయము ఏడు గంటలకు పరగడుపున జనము వరుసకట్టిరి. ఒక్కొక్కరి వ్రేలికొనను పొడిచి ఒక చుక్క నెత్తురు తీసి, చేతిలో ఒక చీటి పెట్టిరి. మధ్యాహ్నపు సభలో నేనే లేచి, ఇందరిని పరీక్షించితిమి, ఇందరికి చక్కెర హెచ్చుగా నున్నది అని లెక్క చదివితిని. సభవారు చప్పట్లు కొట్టిరి. తరువాత భోజనము. కేసరి, బాదం హల్వా, వడ, సాత్తూరు కారాసేవు, కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి. ఏ ఊరివారు ఆ ఊరి కీర్తిని తెచ్చి వడ్డించిరి. ఉదయము చీటి అందుకొన్న చేతులతోనే అందరును మిఠాయి అందుకొనిరి. దానిలో వింత యేదియు మాకు కనబడలేదు.

మా అక్కగారి భర్త, నాకు బావగారు, ఆ రద్దీలో నన్ను నిలిపి తన చీటి చూపించిరి. పరగడుపు చక్కెర 148 అని వ్రాసియున్నది.

"ఏమోయ్ బావా, ఇది ఎక్కువేనా?"

"కొంచెం ఎక్కువే బావగారూ. ఎవరైనా డాక్టరుకు చూపించండి" అని చెప్పి నేను వడ్డన చూచుటకు పోయితిని.

ఆ "ఎవరైనా" అను మాట నన్ను ఇప్పటికిని బాధించుచున్నది. అప్పు వసూలు చేయుటకు మనిషిని పంపునప్పుడు ఏ ఊరు, ఏ వీధి, ఎవరిని అడుగవలెను అని కాగితము మీద వ్రాసి పంపెడివాడను. సొంత బావగారికి మాత్రము "ఎవరైనా" అని చెప్పి పంపితిని.

మూడేండ్ల తరువాత ఆయన కాలికి చెప్పు ఒరసి పుండు పడినది. నరములు మొద్దుబారుటచే నొప్పి తెలియలేదు. నొప్పి లేదు గనుక ఎవరును పట్టించుకొనలేదు. చివరకు బొటనవ్రేలు తీసివేయవలసి వచ్చెను. నేను చూడబోయిన నాడు మా అక్కగారు బీరువాలోని పాత ఖాతాపుస్తకము తెరచి, దాని నడుమ మడచియున్న ఆ చీటిని తీసి నా చేతిలో పెట్టినది.

"తమ్ముడూ, మీరు కొలిచినారు. మేము విన్నాము. ఆ తరువాత ఏమి చెయ్యాలో, ఎవరి దగ్గరికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు."

ఆమె కోపముతో అనలేదు. కోపముతో అనియుండినచో నాకు బదులు చెప్పుట సులభముగా నుండెడిది.

ఈ సంగతి ఇంతటితో నిలిపి, ముందు ఆ జబ్బు ఎట్టిదో, వైద్యులను అడిగి నేను తెలిసికొన్నంతవరకు, అంగడి భాషలో చెప్పెదను. మనము తిన్న అన్నము చక్కెరగా మారి నెత్తురులో పడును. నెత్తురు వీధి యనుకొనుడు. కండలును కాలేయమును గిడ్డంగులు. వీధిలో దిగిన బస్తాలను గిడ్డంగికి చేర్చు హమాలీ ఇన్సులిన్. గిడ్డంగి తలుపులు బిగిసిపోయినచో ఒక హమాలీ చేయు పనికి ముగ్గురు కావలెను. శరీరము ముగ్గురిని పెట్టును. వీధిలో బస్తా కనబడదు. చూచువాడు అంతయు సక్రమముగా నున్నదనుకొనును. కాని కూలి మూడింతలగుచున్నది. దీనినే ఇన్సులిన్ నిరోధము, ఇన్సులిన్ రెసిస్టెన్స్ అందురు. ఏండ్లు గడచినపిదప హమాలీలు అలసిపోవుదురు. అప్పుడు బస్తాలు వీధిలో పేరుకొనును. దానికి మధుమేహమని పేరు. కావున చక్కెర లెక్క తప్పినదని తెలియునప్పటికే జబ్బు పాతబడియుండును.

ఈ బిగిసిన తలుపులు ఒంటరిగా రావు. రక్తపుపోటు, నెత్తురులో క్రొవ్వు, నడుము చుట్టు పెరుగు పొట్ట, ఇవి యన్నియు దానితోపాటు నడచును. 1988లో జెరాల్డ్ రీవెన్ అను అమెరికా వైద్యుడు ఈ గుంపును ఒకచోట చేర్చి "సిండ్రోమ్ ఎక్స్" అని పిలిచిరి. నేడు దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అనుచున్నారు. 2009లో పలు దేశముల వైద్య సంస్థలు కలిసి అంగీకరించిన లెక్క ఇది: నడుము చుట్టుకొలత మనబోటి దక్షిణాసియా పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు లేక అంతకు మించి యుండుట, ట్రైగ్లిజరైడ్లు 150 లేక అంతకంటె హెచ్చు, మంచి కొలెస్టరాలు పురుషులకు 40కి, స్త్రీలకు 50కి తక్కువ, రక్తపుపోటు పై అంకె 130 గాని క్రింది అంకె 85 గాని చేరుట, పరగడుపు చక్కెర 100 లేక అంతకు పైన. ఈ అయిదింటిలో మూడున్నచో ఆ గుంపు ఇంటిలో దిగినదని అర్థము.

లావుగా నున్నవారికే ఇది వచ్చునని మనవారిలో ఒక నమ్మకము కలదు. మా బావగారు సన్నని మనిషి. 2004లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ఒక ఛాయాచిత్రము వచ్చినది. పుణే వైద్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యులు జాన్ యుడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచిరి. ఎత్తుకు బరువు పోల్చి కట్టు సూచిక ఇద్దరికిని ఒకటే, 22.3. కాని దేహములోని క్రొవ్వు యుడ్కిన్ గారికి నూటికి 9.1 వంతు, యాజ్ఞిక్ గారికి 21.2 వంతు. మన దేశస్థులు పైకి సన్నగా నున్నను లోపల క్రొవ్వు మోయువారని ఆ ఒక్క బొమ్మ చెప్పినది. మన కాలుసేతులు సన్నము, పొట్ట మాత్రము ముందుకు. అంగడి గద్దెమీద కూర్చున్న ఏ వ్యాపారిని చూచినను ఇది తెలియును.

మాంసము ముట్టనివారికి ఈ జబ్బు రాదన్న గర్వము ఒకటి మనలో నున్నది. దానిని కూడ విడువవలెను. నెయ్యి, చక్కెర, మైదా, నూనెలో వేచిన పిండివంట, ఇవన్నియు శాకాహారమే. ఈ నల్లరేగడి నేలలో మన తాతలు సజ్జ, జొన్న, ఊదలు, సామలు తిని పొలము పనికో, బండివెంట నడకకో పోయెడివారు. మనము మూడు పూటలు తెల్లబియ్యము తిని కూర్చుండుచున్నాము. 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధనా మండలి లెక్క ప్రకారము దేశములో పదికోట్ల మందికి పైగా మధుమేహము కలదు. మరి పదమూడుకోట్ల అరువది లక్షల మంది దాని వాకిట నిలిచియున్నారు. ఆ వాకిట నిలిచినవారిలో మన ఇండ్లవారు లేరనుకొనుటకు ఏ కారణమును లేదు.

అట్లయిన ముందుగా పరీక్షించుట మంచిదే గదా? ఇక్కడనే ధర్మ విచారము మొదలగుచున్నది.

మొదటి సందేహము: ఒక సంఘము పేర పరీక్షించుట న్యాయమా? సంఘమును బట్టి జబ్బును చూచుట కొన్నియెడల ప్రాణమును కాపాడును. దీనికి మన తెలుగువారిలోనే నిదర్శనము కలదు. ఆర్యవైశ్యులలో కొందరికి నెత్తురులోని ఒక ఎంజైము పుట్టుకతోనే లోపించియుండును. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ అను మందు ఇతరులలో కొన్ని నిమిషములలో తేలిపోవును. వీరిలో గంటలకొలది నిలిచి, శ్వాస తీయు కండరములను కదలనీయదు. అందుచే తెలిసిన మత్తువైద్యులు ముందుగానే అడిగి జాగ్రత్తపడుదురు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో కూడ ఈ ఉదాహరణము చెప్పబడినది. అక్కడ అడిగిన ప్రశ్నకు వెంటనే ప్రయోజనము కలదు: ఆ మందు మాని మరియొక మందు ఇత్తురు.

మన చక్కెర జబ్బు అట్టిది కాదు. దానికి ఒక్క బీజము, ఒక్క లోపము లేదు. తలిదండ్రులనుండి వచ్చు భాగము కొంత, తిండి, కూర్చుండుట, నిద్ర, వయస్సు కొంత. కావున "మా కులపు నెత్తురే అంత" అనుకొనుట సగము అబద్ధము, సగము సాకు. మనలను ఈ విషయములో ఒక సంఘముగా చేయునది నెత్తురు కాదు, వంటయిల్లు. ఒకే పంక్తిలో ఒకే తిండి తినుచున్నాము, ఒకే విధమున గద్దెమీద కూర్చుండుచున్నాము. సంఘమునకు ఈ జబ్బు విషయములో కల్పించుకొను హక్కు అందుచే వచ్చినది. పూచీయు అందుచేతనే వచ్చినది.

రెండవ సందేహము: తెలియకుండుట మేలు గాదా? కోవిల్‌పట్టిలో మా పెద్దలొకరు నాతో అనిరి: "నాయనా, నాకు డెబ్బది యేండ్లు. నిద్ర పట్టుచున్నది, అన్నము రుచించుచున్నది. నీవు వచ్చి ఒక అంకె చెప్పినచో రేపటినుండి రెండును పోవును. నాకెందుకయ్యా ఆ పరీక్ష?" దీనిని మూఢత్వమని త్రోసివేయుటకు నాకు నోరు రాలేదు. తన దేహమును గురించి తెలిసికొనకుండుటకు పెద్దవానికి స్వాతంత్ర్యము కలదు. కాని వ్యాపారిగా ఒక్కమాట చెప్పవలసియున్నది. చూడని ఖాతాకు కూడ వడ్డీ పెరుగును. ఆ వడ్డీ ఆయన ఒక్కరే కట్టరు. రాత్రి వేళ కాలిపుండు కడుగు భార్య కట్టును, చదువు మాని అంగడికి వచ్చు కొడుకు కట్టును. కావున ఆయనకు సంగతి పూర్తిగా విప్పిచెప్పి, ఆ పిమ్మట ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను ఆయన ఇష్టమునకు విడువవలెను. నలుగురిలో వరుసకట్టించి, వెనుదీసినవానిని పిరికివానిగా చూచుట తప్పు. మా శిబిరములో మేము చేసినది అదియే.

మూడవ సందేహము అన్నిటికంటె బరువైనది: ఆ చీటి ఎవరిది? మన కుటుంబములు కొద్ది. పెండ్లి సంబంధములు ఆ కొద్దిలోనే కుదురవలెను. సభలో లెక్క చదివిన నాడు నేను పేర్లు చదువలేదు, నిజమే. కాని వరుసలో ఎవరి చీటి చూచి ఎవరి ముఖము వాడినదో నలుగురును చూచిరి. తరువాత నెల తిరుగకముందే ఒక తల్లి నా యొద్దకు వచ్చి, "మా అమ్మాయికి షుగర్ ఉందని ఎవరో చెప్పినారట, నిజమా అన్నా అని వియ్యంకుల వైపు నుంచి అడిగిస్తున్నారు. దానికి ఏమీ లేదు. ఉన్నది నాకు" అని కన్నీరు పెట్టుకొన్నది. మేము పుణ్యమనుకొన్న పని ఒక పిల్ల బ్రతుకులో ముల్లయినది.

పరదేశములోను ఇట్టిది జరిగినది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయి అను చిన్న ఆదివాసి తెగ కలదు. వారిలో మధుమేహము ఎక్కువ. 1990 మొదలు అరిజోనా రాష్ట్రపు విశ్వవిద్యాలయమువారు వారి నెత్తురు తీసికొనిరి. మధుమేహము కొరకే యని వారు నమ్మి ఇచ్చిరి. ఆ నెత్తురును మనోవ్యాధుల పరిశోధనకును, వారి పూర్వులు ఎక్కడనుండి వలస వచ్చిరను విచారమునకును కూడ వాడినట్లు తరువాత తెలిసినది. 2004లో ఆ తెగవారు న్యాయస్థానమునకెక్కిరి. 2010లో విశ్వవిద్యాలయము ఏడు లక్షల డాలర్లిచ్చి, మిగిలిన నెత్తురును తిరిగి అప్పగించి రాజీపడినది. సాయమని వచ్చినవాడైనను, ఇచ్చినవాని అనుమతి దాటి ఒక్క చుక్కను వాడరాదని ఆ కథ చెప్పుచున్నది.

కోవిల్‌పట్టికి చేరువలో కళుగుమలై కొండ కలదు. వేయేండ్లకు పైబడిన కాలమునాటి తీర్థంకరుల ప్రతిమలు, ఆ ప్రతిమలను చెక్కించినవారి పేర్లు ఆ రాతిమీద నున్నవి. అచ్చట నిలిచినప్పుడు నాకొక ఆలోచన తోచినది. దానము చేసినవాని పేరు రాతిమీద చెక్కవచ్చును. జబ్బుపడినవాని పేరు మాత్రము కాగితము మీద కూడ మరియొకనికి చూపరాదు.

నాల్గవ సందేహము: కొలిచినంత మాత్రమున మేలు కలుగునా? ఇంగ్లండు తూర్పు ప్రాంతములో మధుమేహ భయము ఎక్కువగానున్న ఇరువది వేలమందిని తీసికొని, కొన్ని వైద్యశాలలవారిని పిలిచి పరీక్షించి, కొన్నిటివారిని పరీక్షింపక, పది సంవత్సరముల దాపుగా గమనించిరి. 2012లో ఫలితము ప్రకటించిరి. పిలిచి పరీక్షించిన గుంపులో మరణములు తగ్గలేదు. అచ్చటి మామూలు వైద్యమే మంచిది గనుక తేడా కనబడలేదని కొందరందురు. ఎట్లయినను, చీటి వ్రాసినంతనే ప్రాణము నిలువదని తెలియుచున్నది.

దీనికి ప్రక్కన మన మదరాసులో జరిగినదానిని పెట్టి చూడుడు. వైద్యులు ఎ. రామచంద్రన్ గారి బృందము మధుమేహపు వాకిట నిలిచిన 531 మందిని తీసికొని, కొందరికి మామూలు సలహా మాత్రమిచ్చి, కొందరికి తిండి మార్పు, దినమున కరగంట నడక ఏర్పరచి, విడువక పలుకరించుచు వచ్చిరి. 2006లో ఫలితము ప్రకటించిరి. మూడేండ్లలో మామూలు సలహా పొందినవారిలో నూటికి 55 మంది మధుమేహములో పడిరి. వెంటనుండి నడిపించినవారిలో 39 మంది పడిరి. కొలత ఇద్దరికిని ఒకటే. తేడా తెచ్చినది తరువాతి నడక, తరువాతి పలుకరింపు.

1968లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరకు విల్సన్, యుంగ్నర్ అను ఇద్దరు ముందుపరీక్షలకు పది సూత్రములు వ్రాసిరి. వానిలో కొన్నిటి సారము వ్యాపారికి వెంటనే బోధపడును: కనుగొన్న జబ్బుకు చికిత్స ఉండవలెను, ఆ చికిత్స అందు చోటుండవలెను, ఎవరికి చికిత్స చేయవలెనో ముందే నిశ్చయించియుండవలెను, ఇది ఒకనాటి తంతు గాక ఎడతెగని పనిగా నుండవలెను. మా శిబిరమును ఈ సూత్రములకు ఎదుట పెట్టి చూచుకొంటిని. ఒక్కటియు నిలువలేదు.

మన పెద్దలు దానములు నాలుగని చెప్పిరి: ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. శిబిరము పెట్టిన నాడు మేము ఔషధదానము చేయుచున్నామనుకొంటిమి. నిజమునకు మందు ఇవ్వలేదు, తెలివి ఇవ్వలేదు. ఇచ్చిన ఆహారము జబ్బును పెంచునది. అభయమీయవలసిన చోట భయమిచ్చి ఇంటికి పంపితిమి. నాలుగింటిలో ఒక్కటియు చేయక చప్పట్లు మాత్రము పుచ్చుకొంటిమి.

ఇంతవరకు విచారించినమీదట నాకు తోచిన నిర్ణయమిది. అడుగనివానిని కొలుచుట తప్పు కాదు. కాని కొలిచిన క్షణమున కొలిచినవాడు ఋణపడుచున్నాడు. అడిగి వచ్చినవాని విషయములో వైద్యునకున్న బాధ్యతకంటె, పిలిచి కొలిచినవాని బాధ్యత ఎక్కువ. వాడు తన దారిన పోవుచుండగా నిలిపినది మనము. వాని మనశ్శాంతిని మనము అప్పుగా పుచ్చుకొంటిమి. దానిని ఆరోగ్యరూపమున తీర్చువరకు ఆ ఖాతా మూయరాదు. తీర్చు శక్తి లేనప్పుడు కొలువకుండుటయే న్యాయము.

కొలువబడినవానికి బాధ్యత లేదా యని అడుగవచ్చును. కలదు. నడువవలసిన కాళ్లు వానివే, కట్టుకొనవలసిన నోరు వానిదే. కాని దారి చూపినవానికే "నీవు నడువలేదు" అని నిందించు హక్కు కలదు. మా బావగారిని నిందించు హక్కు నాకు లేదు.

మరి వ్యాపారుల ఋణము? నూనె, చక్కెర, మైదా అమ్మి బ్రతుకువారము మనము. ఒక చేత అమ్ముచు మరియొక చేత పరీక్షించుట సరియా? ఇది నన్ను చాల రాత్రులు నిద్రపోనీయలేదు. మన తెలుగువారును తరతరములుగా నివసించుచున్న మారిషస్ దీవిలో ఒక పని చేసిరి. 1987లో అచ్చటి ప్రభుత్వము ప్రజలకిచ్చు చౌక నూనెలో పామాయిలును తొలగించి సోయా నూనెను ఏర్పరచినది. అయిదేండ్లలో జనుల కొలెస్టరాలు బాగుగా తగ్గినది. కాని అదే కాలములో స్థూలకాయము పెరిగినది. సరుకు మారిన కొంత మేలు కలదు. అలవాటు మారనిది పూర్తి మేలు లేదని తెలియుచున్నది. నేను అంగడి మూయలేదు. మూసినంత మాత్రమున ప్రక్క అంగడిలో కొందురు. అయితే ఊదలు, సామలు, సజ్జ ముందువరుసలో పెట్టి, లాభము తగ్గించి అమ్ముచున్నాను. అడిగినవారికి నెలకు ఇంటికెంత నూనె చాలునో చెప్పుచున్నాను. ఇది గొప్ప త్యాగము కాదు. తూచినవాని పూచీలో కొంత భాగము.

బావగారి వ్రేలు పోయిన తరువాత మేము కొందరము కూర్చుండి పద్ధతి మార్చితిమి. ఖరీదైన ఇన్సులిన్ పరీక్షలు చేయించుదమని ఒకరనిరి. ఆ కొలతకు అన్ని ప్రయోగశాలలకును ఒప్పుదలైన ఒకే హద్దు ఇంకను ఏర్పడలేదని వైద్యులు చెప్పుటచే మానితిమి. దర్జీ టేపు ఒకటి, నాలుగు ప్రశ్నలు చాలును. మదరాసులో వైద్యులు వి. మోహన్ గారి బృందము 2005లో ప్రకటించిన లెక్కలో వయస్సు, నడుము కొలత, శరీరశ్రమ, తలిదండ్రుల మధుమేహము, ఈ నాలుగింటికే మార్కులున్నవి. నూటికి 60 వచ్చినచో నెత్తురు పరీక్ష తప్పక చేయించుకొనవలెను. చుక్క నెత్తురు తీయకయే ఎవరిని ముందు చూడవలెనో దీనితో తెలియును.

ఇప్పుడు కొలుచుట చాటు గదిలో. చీటి ఒక్కటే; అది కొలువబడినవాని చేతికే. సంఘము పుస్తకములో పేరు వ్రాయము. చీటి వెనుక ఏ వైద్యుని యొద్దకు, ఏ దినమున, ఎవరు తోడు వత్తురో వ్రాసి ఇత్తుము. ఒక్కొక్కరికి ఒక తోడు, ఒక సంవత్సరము. నెలకొకమారు పోయి పలుకరించుట వాని పని. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న ప్రారంభించిన "మక్కళై తేడి మరుత్తువం" పథకము ఇంటింటికి రక్తపుపోటు, మధుమేహపు మందులు చేర్చుటకు ఏర్పడినది. దానిని ఎట్లు పొందవలెనో కూడ తోడువాడు చెప్పును. డబ్బున్న వ్యాపారి ఇంటికి ఆ మందు ఎందుకని కొందరు సిగ్గుపడుదురు. మందుకు సిగ్గు పనికిరాదు.

ఉపవాసములను గురించి ఒక మాట. కొన్ని మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు ఆహారము మానినప్పుడు చక్కెర పడిపోయి స్పృహ తప్పు ప్రమాదము కలదు. పర్వదినములలో వ్రతము పూనుటకు ముందు వైద్యుని అడుగుడు. అడుగుట వ్రతమునకు లోపము కాదు. తన ప్రాణమును గూడ ప్రాణములలో ఒకటిగా లెక్కించుకొనవలెను.

సమావేశపు భోజనమును కూడ మార్చితిమి. ఒకే తీపి, ఒక చిన్న ముక్క; సజ్జరొట్టె, పెసరపప్పు, కూరలు. మొదటి సంవత్సరము గొణుగుడు చాల వినబడినది. "పెండ్లివారింటికి వచ్చి పత్యము తిని పోయినట్లున్నది" అని ఒక మేనమామ అన్నమాట ఇప్పటికిని నవ్వుచు చెప్పుకొందురు. రెండవ సంవత్సరము గొణుగుడు తగ్గినది. మూడవ సంవత్సరము రొట్టెలు చాలలేదు.

అంతయు చక్కబడినదని చెప్పినచో అబద్ధమగును. తోడుగా నిలిచినవారిలో కొందరు మూడు నెలలకే మానిరి. కొలువబడినవారిలో కొందరు మమ్ము చూచి వీధి మార్చి పోవుదురు. నా నడుమే నేను మొదట కొలిచికొన్న నాడు 96 సెంటీమీటర్లుండెను, ఇప్పుడు 92. అంగడి మూసిన తరువాత బావగారును నేనును కలిసి నడచుచున్నాము. ఆయన మెల్లగా, ప్రత్యేకముగా కుట్టించిన చెప్పులతో నడచుదురు. నేను ఆయన నడకకు నా నడక తగ్గించుకొందును.

ఈ ఏడు మన ఊర్లలో ఎవరైనను పరీక్షా శిబిరము పెట్టదలచినచో, ఎందరిని పరీక్షింపవలెనను లెక్క ముందు వేయకుడు. ఎందరి వెంట ఏడాది పొడుగునను నడువగలమను లెక్క వేయుడు. పదిమంది వెంట నడువగలిగిన పదిమందినే కొలువుడు. అక్కగారిచ్చిన ఆ చీటి నా దినవహి పుస్తకములో మొదటి పుటన అంటించియున్నది. దానిని వసూలు కావలసిన పద్దులలో చేర్చలేదు; చెల్లింపవలసిన పద్దులలో చేర్చుకొంటిని.